విచారణ లేని 54 ఏళ్లు

అందరికీ నమస్కారం. జైళ్లకు వెళ్లి ఖైదీలకు ఉచిత న్యాయ సహాయం చేసే లాయర్లు, వాలంటీర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకే నేరుగా ఒక కేసుతో మొదలుపెడతాను.

అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే గిరిజనుణ్ణి 1951లో అరెస్టు చేశారు. ఎవరినో తీవ్రంగా గాయపరిచాడని అభియోగం. మతి స్థిమితం లేదని తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో అక్కడి డాక్టర్లు బాగానే ఉన్నాడని రాసిచ్చారు. ఇంటికి పోవాల్సిన మనిషిని గువాహటి జైలుకు తీసుకెళ్లారు. బయటికొచ్చింది 2005లో, ఒక్క రూపాయి బాండు మీద. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. ఒక్కసారి కూడా విచారణ జరగలేదు. ఆ తర్వాత సుప్రీంకోర్టు 3 లక్షల పరిహారం, నెలకు వెయ్యి రూపాయలు ఇమ్మంది. 2007లోనే ఆయన చనిపోయాడు.

ఇందులో ఎవరో ఒక దుర్మార్గుడు ఉన్నాడనుకుంటే మనసుకు తేలిక. నాకలా కనిపించలేదు. తన కేసు తాను అర్థం చేసుకోలేని వాణ్ణి ఆ స్థితిలో విచారించకూడదంటుంది చట్టం. మంచి నియమమే. కానీ విచారణ ఆగాక ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. బెయిల్ కోసం ఇంటివాళ్లు రారు, తనంతట తాను అడగలేడు. శిక్ష పడినవాడికైనా విడుదల తేదీ ఉంటుంది. ఇతనికి అదీ లేదు.

బీహార్‌లో రుదుల్ సా 1968లో నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లోనే ఉన్నాడు. ఎందుకని సుప్రీంకోర్టు అడిగితే, మతి స్థిమితం లేదని ప్రభుత్వం చెప్పింది. 1983 తీర్పులో కోర్టు ఆ మాట నమ్మలేదు.

2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది కదా అంటారు. అందులోని 103వ సెక్షన్ చదవండి. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైల్లో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంది, సంతోషం. అదే సెక్షన్ ప్రకారం జైలు డాక్టరు 3 నెలలకోసారి, ఈ జైల్లో మానసిక రోగులెవరూ లేరని మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు ధ్రువీకరించాలి. రోగుల్ని ఆసుపత్రికి పంపించాలన్నదే ఉద్దేశం కావచ్చు. కానీ ఉన్నారని రాస్తే ఎందుకు ఉంచారని అడుగుతారు, ఎస్కార్టు పోలీసులు కావాలి, ఆసుపత్రిలో బెడ్ కావాలి. లేరని రాస్తే ఏ టెన్షనూ లేదు. బెంగళూరు జైల్లో అక్కడి జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 5 వేల మందికి పైగా ఖైదీలను పరీక్షించింది. మత్తు అలవాట్లను పక్కన పెట్టినా, నలుగురిలో ఒకరికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది.

బ్యారక్‌లో డిప్రెషన్ ఉన్నవాడు గొడవ చేయడు, మూలన పడుకుంటాడు. బుద్ధిమంతుడనుకుంటారు. చెవిలో మాటలు వినిపించి అరిచేవాడు మాత్రం క్రమశిక్షణ లేనివాడైపోతాడు.

మీరు జైలుకు వెళ్లినప్పుడు ఆ మూడు నెలల నివేదిక అడగండి. వాయిదాలకు తీసుకెళ్లడం మానేసిన విచారణ ఖైదీల పేర్లు విడిగా రాసుకోండి. ఎన్నాళ్లుగా ఉన్నారో, ఆ నేరానికి గరిష్ఠ శిక్ష ఎంతో పక్కపక్కన వేయండి. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసు కాకుండా, వేరే కేసులేవీ లేకుండా గరిష్ఠ శిక్షలో సగం కాలం దాటినవాళ్లకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 479వ సెక్షన్ కింద బెయిల్ పిటిషన్ వేయండి. ష్యూరిటీ ఇచ్చేవాళ్లు లేకపోతే సొంత బాండు మీద వదలమని అడగండి. విడుదలయ్యే రోజు మందుల చీటీ, మళ్లీ ఏ ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో రాసిన కాగితం ఇంటివాళ్ల చేతికి అందేలా చూడండి. మాత్రలు ఆగిపోతే ఆ మనిషి మళ్లీ పోలీస్ స్టేషన్‌లోనే తేలతాడు.