చిల్లుకీ చిల్లుకీ మధ్య మిగిలేది

అందరికీ నమస్కారం.

తపాలా బిళ్ళతో మొదలుపెడతాను. 1840లో బ్రిటన్‌లో పెన్నీ బ్లాక్ వచ్చినప్పుడు దాని అంచులకు పళ్లు లేవు. కత్తెర పట్టుకుని ఒక్కో బిళ్ళా కత్తిరించుకోవాల్సిందే. 1847లో హెన్రీ ఆర్చర్ అనే ఐర్లండ్ ఆయన, ఈ పనికి యంత్రం చేస్తానని తపాలా శాఖకు చెప్పాడు. మొదట చేసిన యంత్రం కాగితానికి వరసగా గాట్లు పెట్టేది. అది కుదరలేదు. గాట్లు మాని, కాగితాన్ని గుండ్రంగా తొలిచి తీసేసే పద్ధతికి మారాడు. 1853లో ప్రభుత్వం 4,000 పౌండ్లిచ్చి హక్కులు కొనుక్కుంది. ఆ మరుసటి ఏడాది నుంచి చిల్లుల బిళ్ళలు జనం చేతికొచ్చాయి.

నాకు ఇష్టమైన భాగం ఆ తర్వాతే. స్టాంపులు సేకరించేవాళ్లు 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెడతారు. ఆ అంకెనే పర్ఫ్ అంటారు. బ్రిటన్‌లో మొదట 16 వేశారు. షీట్లు మరీ తేలిగ్గా విడిపోవడం మొదలైంది. 1855లో 14కి తగ్గించారు. రెండు చిల్లులు తగ్గేసరికి వాటి మధ్య ఉన్న సన్నటి కాగితపు వంతెనలు ఆ మేరకు లావయ్యాయి. షీటు మడిచినా విడిపోకూడదు, లాగితే మాత్రం రావాలి. ఈ రెండు పనులూ చేసేది ఆ వంతెనే.

లోహాలు ఎలా విరుగుతాయో పాఠం చెప్పడం నా వృత్తి. ఇలా చిల్లులు వేయడాన్ని ఇంగ్లీషులో పర్ఫరేషన్ అంటారు. ఆ మాటకు లాటిన్ మూలంలో ఇటు నుంచి అటుకు తొలవడం అని అర్థం. అందుకే కాబోలు అందరం తొలిచిన ఖాళీనే చూస్తాం. నేనూ చాలాకాలం అంతే. ఇప్పుడు మాత్రం ఏది మిగిలింది, ఎంత మిగిలింది అని చూస్తున్నాను. మీరూ ఒకసారి అలా చూడాలని నా కోరిక.

ఒక రేకును రెండు వైపులా పట్టి లాగారనుకోండి. బలం రేకంతా సమంగా పరుచుకుంటుంది. మధ్యలో బెజ్జం వేస్తే, అక్కడి నుంచి పోవాల్సిన బలం పక్కకు తప్పుకుని బెజ్జం అంచున గుమిగూడుతుంది. ఏట్లో బండ అడ్డం వస్తే నీళ్లు దాని పక్కల నుంచి వడిగా పారినట్టు. వెడల్పాటి రేకులో చిన్న గుండ్రటి బెజ్జం ఉంటే దాని అంచున ఒత్తిడి మూడు రెట్లవుతుందని 1898లో ఎర్నెస్ట్ కిర్ష్ లెక్కకట్టాడు. బెజ్జానికి పదునైన మూలలుంటే మూడు రెట్లతో ఆగదు.

1954లో కామెట్ జెట్ విమానాలు రెండు గాలిలోనే విచ్చిపోయాయి. 56 మంది చనిపోయారు. సముద్రం అడుగు నుంచి శకలాలు పైకి తీసి చూస్తే, విమానం పైభాగంలో యాంటెనా కోసం కోసిన కిటికీ మూల దగ్గర, ఒక రివెట్ బెజ్జం వద్ద పగులు మొదలైనట్టు తేలింది. విమానం పైకెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి ఆ గోడను బయటికి నెట్టింది. దిగిన ప్రతిసారీ వదిలింది. బెజ్జం పక్కన మిగిలిన లోహం అలా అలిసిపోయింది. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికి రాగానే నా గొంతు కాస్త పట్టుకుంటుంది.

అదే బెజ్జం పగులును ఆపుతుంది కూడా. రేకులో పగులు పాకుతుంటే, దాని కొసన డ్రిల్లుతో గుండ్రటి బెజ్జం వేస్తారు. సూదిలాంటి కొస గుండ్రటి అంచుగా మారిపోతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ తర్వాత తీరిగ్గా రిపేరు చేసుకోవచ్చు.

సినిమా రీలు సంగతీ ఇంతే. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కో ఫ్రేముకు పక్కకు నాలుగేసి చిల్లులు. సెకనుకు 24 ఫ్రేములంటే, ప్రొజెక్టర్ పళ్లు సెకనుకు 96 చిల్లుల లెక్కన ఫిల్మును లాగుతాయి. థియేటర్‌కు పంపే ప్రింట్ ఎన్నో ఆటలు తట్టుకోవాలి కాబట్టి దాని చిల్లులకు మూలలు గుండ్రంగా చేశారు. మూల పదునుగా ఉంటే ఫిల్ము చిరిగేది అక్కడే.

చిల్లులతో యంత్రానికి సమాచారం అందించే పంచ్ కార్డుల గురించి ఒక్క మాట. 1804 నాటి జకార్డ్ మగ్గంలోనూ, 1890 అమెరికా జనాభా లెక్కల్లో వాడిన హోలెరిత్ యంత్రంలోనూ చిల్లు ఉన్న చోటు ఎంత చెబుతుందో లేని చోటూ అంతే చెబుతుంది.

చమురు బావిలో పర్ఫరేషన్ అంటే పేల్చడమే. బావి తవ్వాక ఉక్కు గొట్టం దించి, చుట్టూ సిమెంటు పోస్తారు. బావి గోడ కూలదు గానీ చమురు లోపలికి వచ్చే దారీ మూసుకుపోతుంది. అందుకని లోపలికి ఒక గన్ను దించి ఉక్కునూ సిమెంటునూ రాతినీ ఒకేసారి తొలుస్తారు. 1932లో కాలిఫోర్నియాలో బుల్లెట్లతో మొదలైంది, తర్వాత పేలుడు మందుతో పుట్టే సన్నటి లోహపు ధార వచ్చింది. చిక్కు ఏమిటంటే, పేలుడుకు చిల్లు చుట్టూ ఉన్న రాయి నలిగి గట్టిపడి చమురుకే అడ్డం పడుతుంది. అందుకే చాలాచోట్ల బావిలో ఒత్తిడిని రాతిలోని ఒత్తిడి కంటే తక్కువగా ఉంచి పేలుస్తారు. చమురు ఒక్కసారిగా దూసుకొచ్చి ఆ నలిగిన పొడిని తోసేస్తుంది.

మొక్కలకు ఇంత హడావుడి అక్కర్లేదు. నీళ్లు పైకి తీసుకెళ్లే నాళాల్లో కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మధ్య అడ్డుగోడలను మొక్కే కరిగించేసుకుంటుంది. వృక్షశాస్త్రంలో అలా తెరుచుకున్న గోడను పర్ఫరేషన్ ప్లేట్ అంటారు. కొన్ని జాతుల్లో గోడ పూర్తిగా పోదు, నిచ్చెన మెట్లలా అడ్డకమ్ములు మిగులుతాయి.

ఇక ఎవరూ కోరుకోని చిల్లు. కడుపులో అల్సర్ గోడను తినేసినప్పుడు, ముదిరిన టైఫాయిడ్‌లో చిన్నపేగు చివరి భాగం పుండుపడి తెగినప్పుడు, లోపల ఉండాల్సినవి పొట్ట కుహరంలోకి కారిపోతాయి. నొప్పి కత్తితో పొడిచినట్టు మొదలవుతుంది. పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే చాలామందిలో డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, కింద గాలి కనబడుతుంది. అలాంటి నొప్పి వస్తే ఇంట్లో మాత్రలు మింగుతూ కూర్చోకండి, గంటలు కూడా విలువైనవే. అప్పుడు కూడా కుట్టు నిలిచేది చిల్లు చుట్టూ మిగిలిన కణజాలం మీదే. అది మెత్తబడి ఉంటే కుట్టు తెగిపోతుంది. కడుపులోని కొవ్వు పొరను తెచ్చి అల్సర్ చిల్లు మీద అతికించే పద్ధతి అందుకే వచ్చింది.

కర్ణభేరికి పడే చిల్లు ఇంత భయపెట్టదు. చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే పూడుకుంటుంది, ఈలోగా చెవిలోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి. పూడనప్పుడు డాక్టర్లు కణత కండరం మీది పలుచని పొర తీసి అతుకు వేస్తారు. పాత చిల్లు అంచు మీద చర్మం పెరిగి ఉంటుంది, అది ఇక కలవడానికి ప్రయత్నించదు. అందుకని ముందు ఆ అంచును చుట్టూ సన్నగా గీరి తీసేస్తారు. చిల్లు కాస్త పెద్దదవుతుంది. పచ్చిగా బయటపడిన ఆ కొత్త అంచు నుంచే పొర అతుకు మీదుగా పెరగడం మొదలుపెడుతుంది.