నుదుటి మీద పట్టీ

శ్రోతలకు నమస్కారం.

ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషికి మత్తు ఇచ్చి "నిద్రపుచ్చాం" అంటారు. మాట మెత్తనిదే గాని నిజం కాదు. నిద్రపోయేవారిని సూదితో గుచ్చితే ఉలిక్కిపడి లేస్తారు. మత్తులో ఉన్నవారు కత్తి పెట్టినా కదలరు. అయితే కదలకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. కండరాలను సడలించే మందు ఒంట్లో ఉంటే, మెలకువ వచ్చినా వేలైనా ఎత్తలేరు. గుండె వేగం, రక్తపోటు కొంతవరకే చెబుతాయి. స్పృహ ఉండేది మెదడులో. మరి దాన్నే అడిగితే?

మనిషి మెదడు తరంగాలను 1924లో జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ తొలిసారి నమోదు చేశాడు. మత్తు లోతును వాటితో కొలవవచ్చని 1937లోనే అమెరికా పరిశోధకులు సూచించారు. ఆపరేషన్ గదిలో అది మామూలు పరికరంగా మారడానికి మాత్రం 1990ల దాకా ఆగవలసి వచ్చింది.

మెదడు తరంగాలను పట్టుకోవడానికి నుదుటికి ఒక పట్టీ అంటిస్తారు. ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఎక్కేకొద్దీ, మెలకువలోని చిన్నచిన్న గజిబిజి అలలు సద్దుమణుగుతాయి. సెకనుకు పదికి అటూ ఇటూగా లయ తప్పని అలలు వస్తాయి. వాటిని మోస్తూ పెద్ద పెద్ద నిదానపు అలలు. మోతాదు ఇంకా పెరిగితే అలల విసురు ఒకటి, ఆపైన చదునైన గీత, మళ్లీ విసురు. చూడటం నేర్చినవారికి అది చదవదగ్గ రాత.

పరికరం ఈ రాతనంతా పిండి ఒక్క అంకె చేస్తుంది. పూర్తి మెలకువకు 100, తరంగాలే లేకపోతే 0. ఆపరేషన్‌కు 40 నుంచి 60 మధ్య ఉంచుతారు. నా పేచీ ఈ అంకెతోనే. కెటమిన్ అనే మరో మత్తుమందు ఇస్తే స్పృహ పోయినా అంకె పెరగవచ్చు. అంతకన్నా చిత్రం ఇంకొకటి ఉంది. మత్తు చుక్క కూడా ఇవ్వకుండా, ఒప్పుకున్న వలంటీర్లకు కండరాల మందు మాత్రమే ఇచ్చి చూశారు. వారు పూర్తి మెలకువలో ఉన్నారు, అంకె మాత్రం కొందరిలో 60 కన్నా కిందికి జారింది! నుదుటి కండరాల విద్యుత్తునూ పట్టీ పట్టుకుంటుంది మరి. అది ఆగిపోగానే లెక్క తప్పింది.

అందుకే మరో పాత పద్ధతి ఇప్పటికీ పరిశోధకులకు పనికివస్తోంది. కండరాల మందు ఇచ్చే ముందు ఒక చేతికి పట్టీ బిగించి, మందు అక్కడికి చేరకుండా ఆపుతారు. తరువాత చెవి దగ్గర, "వినబడితే నా చేయి నొక్కండి" అంటారు. కొందరు నొక్కుతారు. లేచాక అడిగితే, వారిలో చాలామందికి ఆ సంగతే గుర్తుండదు.