చింతపండు పులుసూ, వంటింటి గట్టూ

నమస్కారం. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, పాత వంటిల్లు బాగుచేయించుకుంటున్నవాళ్లు ఈ పది నిమిషాలు కాస్త రేడియో దగ్గరే కూర్చోండి. వంటింటి గట్టుకి ఏ రాయి వేయించుకోవాలో మాట్లాడుకుందాం. కొన్న చీర నచ్చకపోతే ఇంకొకటి కట్టుకుంటాం, గట్టు అలా కాదు కదండీ, ఒకసారి వేయించామంటే పదిహేను, ఇరవై ఏళ్లు దాని ముందు నిలబడి వండాల్సిందే.

మా అక్క సంగతి చెబుతాను. వాళ్లది గుంటూరు, అరండల్‌పేట. మూడేళ్ల కిందట వంటిల్లంతా తీసేసి కొత్తగా చేయించుకుంది. షాపులో తెల్లటి మార్బుల్ చూసింది, సన్నటి బూడిదరంగు చారలతో పాలమీగడలా ఉంది, ఇంక ఎవరు చెప్పినా వినలేదు. గట్టు వేశాక నేను కూడా చూసి ఎంత బాగుందో అన్నాను, నిజంగానే బాగుంది. నెల తిరగకుండా వరలక్ష్మీ వ్రతం వచ్చింది. ముందురోజు రాత్రి పులిహోరకి పులుసు ఉడికించి, గిన్నె దించి గట్టు మీద పెట్టి పడుకుంది. గిన్నె అంచు నుంచి కారిన పులుసు అడుగున చేరి రాత్రంతా అలాగే ఉండిపోయింది. తెల్లారి గిన్నె తీసి తుడిస్తే గుండ్రంగా ఒక గుర్తు. పసుపు మరక కాదు, నూనె జిడ్డు కాదు, అక్కడ రాయికి మెరుపు పోయింది, చేత్తో తడిమితే గరుకుగా తగులుతోంది.

పండగపూట అది చూసి మా అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. మరకే అనుకుని నిమ్మచెక్క పెట్టి రుద్దింది. ఆ గుర్తు ఇంకా పెద్దదైంది. మర్నాడు ఎవరో బాత్రూం ఆసిడ్ కాస్త నీళ్లలో కలిపి తుడవమన్నారు, అదీ చేసింది. గట్టు మీద నురగలు వచ్చాయి, చేటంత మేర పాలిష్ మొత్తం పోయింది. రాయి అమ్మిన షాపుకి ఫోన్ చేస్తే, వాడకంలో ఆ మాత్రం ఉంటుందమ్మా అన్నారు. కొనేముందు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది! పాలిష్ పట్టే మనిషిని పిలిపించి మళ్లీ మెరిపించింది, మూడు నెలలు తిరక్కుండా నిమ్మకాయ రసం, టమాటా, గోంగూర తగిలినచోటల్లా మళ్లీ అవే గుర్తులు.

ఎందుకలా అయిందంటే, మార్బుల్ సున్నపురాయి జాతి. పులుపు తగిలితే దాని పైపొర కరిగిపోతుంది. చింతపండులో ఉన్నదీ ఆమ్లమే, నిమ్మకాయలో ఉన్నదీ ఆమ్లమే. అందుకని అది మరక కాదండీ, మళ్లీ చెబుతున్నాను, అది మరక కాదు, అక్కడ రాయే కరిగింది. మరకైతే తుడిస్తే పోతుంది, కరిగిన రాయిని ఏ సబ్బూ తిరిగి తేలేదు. మార్బుల్ మంచి రాయే, పూజగదిలో వేసుకోండి, హాల్లో వేసుకోండి. మనది చారూ పులుసూ పచ్చళ్ల వంటిల్లు, ఆ గట్టు మీద మాత్రం వద్దని నా అభిప్రాయం.

ఆ తర్వాత ఏడాదికి విజయవాడలో మా వంటిల్లు మొదలుపెట్టినప్పుడు నేనొక పని చేశాను. షాపులన్నీ తిరిగి, కోతలో మిగిలిన అరచేతంత ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. చాలామంది ఊరికే ఇచ్చారు. నల్ల గ్రానైట్, తెల్ల గ్రానైట్, కడప రాయి, తెల్ల క్వార్ట్జ్, ఈ నాలుగూ వరసగా పెట్టి ఒక్కోదాని మీద ఒక మూల చింతపండు పులుసు, ఒక మూల నూనెలో కలిపిన పసుపు, ఒక మూల నిమ్మచెక్క బోర్లించి పడుకున్నాను. పొద్దున కడిగి చూశాను. కడప రాయి కూడా సున్నపురాయి జాతే, పులుసు పడినచోట తెల్లగా పాలిపోయింది. తెల్ల గ్రానైట్‌కి పులుపు ఏమీ చేయలేదు గానీ నూనె పీల్చుకుని ఆ మూల నల్లబడింది, అలాంటి రాయికి సీలర్ అని, నూనె లోపలికి ఇంకకుండా ఆపే ద్రవం పట్టించాలి, మళ్లీ మళ్లీ పట్టిస్తుండాలి. క్వార్ట్జ్ పులుపుకి చెక్కుచెదరలేదు, పసుపు ఛాయ మాత్రం లీలగా మిగిలింది. నల్ల గ్రానైట్ ఎలా తెచ్చానో అలాగే ఉంది. అది మన ఒంగోలు దగ్గర చీమకుర్తి రాయి, నల్లటి ఒంటిమీద బంగారు చుక్కలుంటాయి, గెలాక్సీ అంటారు, దేశదేశాలకీ ఎగుమతి అవుతుంది.

క్వార్ట్జ్ గురించి ఇంకో మాట. అది కొండలోంచి కోసుకొచ్చిన రాయి కాదు, నూటికి తొంభై పాళ్ల దాకా క్వార్ట్జ్ పొడికి రెజిన్ అనే జిగురు కలిపి ఫ్యాక్టరీలో అచ్చుపోసింది. 150 డిగ్రీల వేడి దాటితే ఆ జిగురు దెబ్బతింటుంది. మనం బజ్జీలు వేసే నూనె 180 దాకా కాగుతుంది, ఆ మూకుడు దించి నేరుగా గట్టు మీద పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఆలోచించుకోండి.

రాయి కోసే మనుషుల గురించి చెప్పకుండా ఉండలేను. ఈ రాళ్లు పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బాగుపడని జబ్బు వస్తుంది. అది క్వార్ట్జ్‌లో మరీ ఎక్కువ, ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి అలాంటి తయారీ రాయిని నిషేధించారు కూడా. గ్రానైట్ అయినా సరే, మీ ఇంట్లో కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయమనండి, ఆ కుర్రాళ్లకి మంచి మాస్క్ ఇప్పించండి.

నల్ల రాయన్నా అన్నీ ఒకటి కావండోయ్. కొన్నిటికి రంగు పట్టించి అమ్ముతారు. తెల్లగుడ్డని థిన్నర్‌లో ముంచి గట్టిగా రుద్దండి, గుడ్డకి నలుపంటితే అది రాయి నలుపు కాదు, పూసిన నలుపు. ఇంకోటి, మేస్త్రితో గట్టు అంచు కింద సన్నగా గాడి తీయించండి, నీళ్లు వెనక్కి జారి అలమరల చెక్క ఉబ్బకుండా అక్కడే చుక్కలుగా పడిపోతాయి.

ఇవన్నీ గుర్తుండకపోయినా ఫర్వాలేదు. షాపు నుంచి ముక్క తెచ్చుకోండి, ఒక్క రాత్రి మీ ఇంటి పులుసు కింద ఉంచండి, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.

మా అక్క మార్బుల్ ఏమైందంటారా? మొత్తం తీయించడానికి మనసొప్పలేదు. స్టవ్‌కి కుడిపక్క రెండు అడుగుల మేర కోయించి అక్కడ చీమకుర్తి రాయి వేయించింది. మొన్న వెళ్లినప్పుడు చూశాను, చింతపండు నానబెట్టడం, నిమ్మకాయలు పిండటం, గోంగూర రుబ్బటం అన్నీ ఆ రెండు అడుగుల మీదే చేస్తోంది.