పొట్టి గోధుమను ఎంత లోతులో విత్తాలి?

శ్రోతలకు నమస్కారం.

ఎరువు వేస్తే దిగుబడి పెరగాలి. కానీ 1950ల మొదట్లో మెక్సికో గోధుమ చేలలో ఎరువు ఎక్కువ వేస్తే చేను పడిపోయేది. ఆ పడిపోవడాన్ని ఆపిన శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ గురించి ఈ రోజు చెప్పుకుందాం.

బోర్లాగ్ 1914లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, రైతు కుటుంబంలో పుట్టారు. మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేసి, 1944లో మెక్సికో వెళ్లారు. అక్కడ గోధుమను నాశనం చేస్తున్నది తుప్పు తెగులు. దాన్ని తట్టుకునే రకాలు త్వరగా కావాలని ఆయన ఏడాదికి రెండు పంటలు తీశారు. శీతాకాలంలో ఉత్తరాన సోనోరా మైదానంలో ఒకటి, వేసవిలో 2,600 మీటర్ల ఎత్తున తొలూకా దగ్గర ఇంకొకటి. కోసిన గింజకు విశ్రాంతి ఇవ్వకుండా విత్తకూడదని పెద్దలు వారించినా ఆగలేదు. పదేళ్ల పని ఐదేళ్లలో అయింది. పైగా రెండు చోట్లా నెగ్గిన మొక్కలకు పగలు ఎక్కువైనా తక్కువైనా ఒకటే. అందుకే అవి తర్వాత దూరదేశాల్లోనూ పండాయి.

తెగులు అదుపులోకి వచ్చింది. అప్పుడు అసలు చిక్కు బయటపడింది.

పాత రకాలు మనిషి ఛాతీ ఎత్తు పెరుగుతాయి. కాండం సన్నం, లోపల బోలు. నత్రజని అందగానే కంకి బరువెక్కుతుంది. గింజ పాలు పోసుకునే వేళ నీళ్లు పెడితే వేళ్ల దగ్గర మట్టి మెత్తబడుతుంది. ఆపైన ఒక్క గాలి చాలు. కింది కణుపు దగ్గర కాండం విరిగితే కంకికి ఆహారం అందదు, గింజ తాలు పోతుంది. నేలకు ఆనిన కంకుల్లో గింజలు తడిసి మొలకెత్తుతాయి కూడా.

విరుగుడు జపాన్ నుంచి వచ్చింది. నోరిన్ 10 అనే పొట్టి గోధుమ. అమెరికాలో గోధుమ శాస్త్రవేత్త ఆర్విల్ వోగెల్ దాన్ని అక్కడి రకాలతో కలిపారు. ఆ గింజలు కొన్ని బోర్లాగ్‌కు చేరాయి.

గోధుమ పువ్వు తన పుప్పొడితోనే తాను ఫలదీకరణ చెందుతుంది. రెండు రకాలను కలపాలంటే ఆ అవకాశం ముందే తీసేయాలి. పువ్వు విచ్చకముందే కంకిలో పైనా కిందా ఉన్న పూలు తుంచేస్తారు. మిగిలిన ఒక్కో పువ్వులోంచి పట్టకారుతో మూడు కేసరాలూ తీస్తారు. మూడూ, ఒక్కటి కూడా మిగలకుండా. కంకికి కాగితం సంచి తొడిగి, రెండు మూడు రోజులాగి, తండ్రి మొక్క పుప్పొడిని చల్లుతారు. రోజంతా నడుం వంచి చేసే పని ఇది. బోర్లాగ్ గొప్పతనమంతా నాకు ఈ పనిలోనే కనిపిస్తుంది.

మొదటి ప్రయత్నంలో పొట్టి మొక్కలు తుప్పు తెగులుకు పోయాయి. మళ్లీ కలిపారు. కొన్నింటిలో పుప్పొడి సరిగా లేదు, కొన్నింటిలో గింజ ముడతలు పడింది. మళ్లీ కలిపారు. 1962లో మెక్సికో రైతుకు పొట్టి రకాలు చేతికందాయి. ఎరువు వేసినా చేను నిలబడింది.

1960ల మధ్యలో ఆ విత్తనం భారత్‌కు, పాకిస్తాన్‌కు వచ్చింది. ఇక్కడ మన వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ బోర్లాగ్‌కు తోడు నిలిచారు. 1965లో వచ్చిన విత్తనం సగమైనా మొలవలేదు. గిడ్డంగిలో పురుగుమందు పొగ మోతాదు మించి పెట్టారు. బోర్లాగ్ విత్తన మోతాదును వెంటనే రెట్టింపు చేయించారు. 1965లో సుమారు 1.2 కోట్ల టన్నులున్న మన గోధుమ పంట 1970కి 2 కోట్ల టన్నులైంది. అదే ఏడాది ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతికి వస్తాను. విత్తే లోతు.

తేమ అందాలని పాత పొడుగు రకాలను ఎనిమిది, పది సెంటీమీటర్ల లోతున విత్తేవారు. పొట్టి రకానికి ఆ లోతు పనికిరాదు. కాండాన్ని కుదించిన జన్యువే మొలక తొడుగునూ కుదిస్తుంది. మట్టిని చీల్చుకుంటూ ఆకును పైకి చేర్చేది ఆ తొడుగే. అది మధ్యలో ఆగిపోతే లేత ఆకు మట్టిలోనే బయటపడి, మడతలు పడి, పాలిపోయి చస్తుంది. మొలకలు పలచగా వస్తే విత్తనం చెడ్డదనుకోకండి. ఒక చోట మట్టి తీసి చూడండి, మడతపడ్డ ఆకు కనిపిస్తే తప్పు లోతుదే.

నాలుగు, ఐదు సెంటీమీటర్లు, అంతే. అంత పైన తేమ నిలవదు కాబట్టి ముందే తడి పెట్టి, పదును చూసి విత్తాలి. విత్తిన ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో తొలి తడి ఇవ్వాలి. అప్పుడే మొదలు దగ్గర, దాదాపు నేల పైపొరలోనే, కిరీట వేర్లు పుడతాయి. ఆ పొర ఎండి ఉంటే వేరు దిగదు, పిలకలు తగ్గుతాయి. తర్వాత ఎన్ని తడులిచ్చినా ఆ పిలకలు తిరిగి రావు.