మిద్దె మీద వానపాముల తొట్టి: ఎండాకాలం దాటించడమే అసలు పని

(దృశ్యం: మిద్దె మీద నీడపట్టున వెడల్పాటి సిమెంటు తొట్టి, దానిపై తడి గోనెపట్టా)

నమస్కారం. వంటింట్లో మిగిలే తొక్కలను, తోటలో రాలే ఆకులను వానపాముల చేత ఎరువుగా మార్పించుకునే పద్ధతిని ఈ వీడియోలో చూద్దాం. మిద్దెతోటల వారికి తొట్టిని సిద్ధం చేయడం కంటే ఏప్రిల్, మే నెలల్లో దానిని బతికించుకోవడమే కష్టం కాబట్టి ఆ విషయం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

వానాకాలంలో పెరట్లో తవ్వితే కనిపించే ఎర్రలను తెచ్చి తొట్టిలో వేసేవారు చాలామంది ఉన్నారు. వాటిలో ఎక్కువ భాగం లోతున ఉండి మట్టిని తినేవి కావడం వల్ల అవి ఈ పనికి రావు. మనకు కావలసినవి పైపొరలో ఉంటూ కుళ్లే ఆకును, పేడను తినే జాతులు. వర్మీకంపోస్టు తయారుచేసేవారు ఎక్కువగా పెంచే ఐసీనియా ఫెటిడా, ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే అటువంటివే. పైపొరలోనే తిరుగుతాయి కాబట్టి వాటికి లోతైన డ్రమ్ము కంటే ఒక అడుగు లోతున్న వెడల్పాటి తొట్టి మేలు.

(దృశ్యం: తొట్టి అడుగున రంధ్రాలు, కొబ్బరి పొట్టు పరవడం)

నీరు దిగిపోయే రంధ్రాలున్న తొట్టిలో తడిపిన కొబ్బరి పొట్టును, ఎండుటాకులను పరిచి, ఆపైన రెండు మూడు వారాలు మాగిన పేడ వేయాలి. పచ్చి పేడ కుళ్లేటప్పుడు వేడి పుట్టి వానపాములను చంపుతుంది. తొక్కలను చిన్న ముక్కలుగా కోసి, పలుచగా వేసి, ఎండుటాకులతో కప్పాలి. ఉప్పు, నూనె తగిలిన కూరలు, పచ్చళ్లు, మాంసం, నిమ్మతొక్కలు వద్దు. అన్నం కొద్దిగా పడినా ఫరవాలేదు గానీ, ముద్దలుగా వేస్తే పులిసి వాసన వస్తుంది, చీమలూ చేరతాయి. చీమలు పట్టకుండా వెనకటివారు తీపి పదార్థాల గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే, తొట్టి కింది ఇటుకలను నీళ్ల పళ్లేలలో నిలపవచ్చు.

ఇక ఎండ సంగతి. వానపాము చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది, ఆ చర్మం తడిగా ఉన్నంతసేపే గాలి లోపలికి వెళుతుంది. అలాగని నీరు నిలిస్తే గాలి అందక అవి గోడల మీదికి పాకుతాయి. పిడికెడు ఎరువును గట్టిగా పిండినప్పుడు ఒకటి రెండు చుక్కలు రాలితే తడి సరిపోయినట్టు. వాటికి 20 నుంచి 30 డిగ్రీల వేడి హాయిగా ఉంటుంది. 35 దాటితే ప్రమాదం మొదలవుతుంది, మన మిద్దె గచ్చేమో మధ్యాహ్నం అంతకంటే ఎంతో ఎక్కువగా కాలుతుంది. అందువల్ల తొట్టిని గచ్చుకు ఆనించకుండా ఇటుకల మీద, రోజంతా నీడ ఉండే చోట పెట్టి, గోనెపట్టాను ఉదయం, సాయంత్రం తడపాలి. కుండలో నీరు చల్లబడేది ఎందుకో తొట్టి చల్లబడేదీ అందుకే: తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. నల్లని ప్లాస్టిక్ డబ్బాలో, మూత బిగించి పెడితే ఈ ఉపాయం పనిచేయదు. ఆ నెలల్లో మేతను సగానికి తగ్గించడం కూడా మంచిది, ఎందుకంటే తినకుండా మిగిలిన మేత కుళ్లి మరింత వేడి పుట్టిస్తుంది.

(దృశ్యం: టీ పొడిలాంటి నల్లని ఎరువు, గోపురంగా పోసిన కుప్ప)

రెండు మూడు నెలలకు ఎరువు టీ పొడిలా, మట్టి వాసనతో తయారవుతుంది. నాలుగైదు రోజులు నీళ్లు ఆపి, వెలుతురులో గోపురంగా పోస్తే, వెలుగు గిట్టని వానపాములు అడుగుకు చేరతాయి. పైనున్నది తీసుకుని, అడుగున మిగిలిన వాటిని మళ్లీ తొట్టిలో వదలాలి.

వర్మీకంపోస్టులో నత్రజని ఒకటి రెండు శాతం మాత్రమే ఉంటుంది. దాని అసలు విలువ మట్టిని గుల్లబరచడంలో, తేమను పట్టి ఉంచడంలో, సూక్ష్మజీవులను పెంచడంలో ఉంది. కుండీ మిశ్రమంలో నాలుగో వంతు చాలు. నాటిన మొక్కలకైతే నెలకో రెండు గుప్పిళ్లు మొదలుకు కాస్త దూరంగా చల్లి, తవ్వకుండా, ఎండుటాకులతో కప్పి, నీళ్లు పోయండి.