విదేశీ డీలర్ దగ్గర స్కూబా సామాను కొంటే వారంటీ ఎవరిస్తారు?

[తెర మీద: బల్లపై రెగ్యులేటర్, పక్కన విప్పిన పార్సిల్ పెట్టె, బిల్లు]

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బజారుకెళ్ళి రెగ్యులేటర్, అంటే నీళ్ళ అడుగున సిలిండర్ గాలి పీల్చుకోవడానికి వాడే పరికరం, కావాలని అడిగితే గ్యాస్ పొయ్యికి పెట్టేది చేతిలో పెడతారు. చింతపల్లి తీరంలోనో, బారువ దగ్గర 1917లో మునిగిన చిల్కా ఓడ దగ్గరో నీళ్ళలోకి దిగేవాళ్ళు అద్దె సామానుతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, సొంతది కొందామనుకునేసరికి చూపు బయటి దేశాల మీదకే పోతుంది. షిప్పులో పనిచేసే బావ సింగపూర్‌లో కొంటాడు, అమెరికాలో ఉన్న అన్నయ్య తెస్తాడు, లేదంటే యూరప్ వెబ్‌సైట్‌లో మనమే ఆర్డర్ పెడతాం.

ధర తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. పాడైతే ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నదే అసలు సంగతి.

[తెర మీద: "కంపెనీ వారంటీ" – "డీలర్ వారంటీ"]

వారంటీ అని రాసి ఉన్నంత మాత్రాన అది తయారు చేసిన కంపెనీదే అనుకోవద్దు. స్కూబా కంపెనీలు చాలావరకు తాము గుర్తించిన డీలర్ అమ్మిన సరుకుకే వారంటీ ఇస్తాయి. గుర్తింపు లేని దుకాణం కూడా అసలు సరుకే అమ్మొచ్చు. నకిలీ కాదు, పెట్టె అదే, ముద్ర అదే, కానీ కంపెనీ దృష్టిలో దానికి వారంటీ లేదు. ఇలాంటి దుకాణాల్లో పెద్దవి సొంత వారంటీ రాసిస్తాయి. అది పనికిరానిదేమీ కాదు గానీ, వస్తువు వాళ్ళ దుకాణానికే పంపాలి, పంపే ఖర్చు మీదే.

కాబట్టి డబ్బు కట్టకముందే డీలర్‌కి మెయిల్ రాయండి. మీరు ఈ బ్రాండ్‌కి గుర్తింపు పొందిన డీలరా? వారంటీ కంపెనీదా, మీదా? ఇండియాలో వాడితే చెల్లుతుందా? రిపేరుకి ఎక్కడికి పంపాలి, రానూపోనూ ఎవరు భరిస్తారు? జవాబు రాతలోనే ఉండాలి. ఫోన్‌లో "నో ప్రాబ్లమ్ సర్" అన్నది తర్వాత ఎందుకూ కొరగాదు. ఆ తర్వాత కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో డీలర్ల జాబితా తీసి ఆ పేరు ఉందో లేదో చూడండి.

యూరప్‌లో కొంటే రెండేళ్ళ గ్యారంటీ చట్టమే ఇస్తుందని చాలామంది చెబుతారు. నిజమే, యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఆ రెండేళ్ళ బాధ్యత అమ్మినవాడి మీద ఉంటుంది. అయితే అది అక్కడి వినియోగదారుల కోసం పెట్టిన చట్టం. టెక్కలిలో కూర్చుని జర్మనీ దుకాణం మీద దాన్ని అమలు చేయించుకోవడం అయ్యే పని కాదు.

[తెర మీద: బిల్లు దగ్గరగా, పేరు ఉన్న చోట వేలు]

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రెగ్యులేటర్ల మీద "జీవితకాల వారంటీ" అని రాసి ఉంటే, అది సాధారణంగా మొదట కొన్న మనిషికి మాత్రమే. బిల్లు అన్నయ్య పేరు మీద ఉంటే కంపెనీ లెక్కలో యజమాని అన్నయ్యే. కొనేటప్పుడే బిల్లు మీద మీ పేరు రాయించమనండి. సీరియల్ నంబర్ కూడా అందులో ఉండాలి. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌కి గడువు పెట్టే కంపెనీలు ఉన్నాయి కాబట్టి వస్తువు చేతికందిన రోజే ఆ పని ముగించండి.

[తెర మీద: పార్సిల్ వెళ్ళే దారి – శ్రీకాకుళం, కస్టమ్స్, విదేశీ సర్వీస్ సెంటర్, మళ్ళీ కస్టమ్స్]

వారంటీ ఒప్పుకున్నారనుకుందాం. ఇప్పుడు కస్టమ్స్. రిపేరు కోసం బయటికి పంపి తిరిగి తెప్పించుకునే వస్తువుకి మొత్తం విలువ మీద సుంకం పడకుండా ఒక సడలింపు ఉంది. రిపేరు ఖర్చు, రానూపోనూ రవాణా, ఇన్సూరెన్స్, వీటి మీదే సుంకం లెక్క కడతారు. మెలిక ఏమిటంటే, కంపెనీ ఉచితంగా బాగుచేసినా ఆ పనికి న్యాయంగా ఎంత అవుతుందో అంత విలువ కడతారు. ఈ సడలింపు దక్కాలంటే వెళ్ళిందీ వచ్చిందీ ఒకే వస్తువని రుజువు కావాలి. అందుకే పంపేటప్పుడే "రిపేరు కోసం, తిరిగి వస్తుంది" అని కాగితాల్లో రాయించి, సీరియల్ నంబర్ వేయించి, ఆ ఎగుమతి పత్రం దాచుకోవాలి. మామూలు పార్సిల్‌లా పంపేస్తే తిరిగొచ్చేటప్పుడు అది కొత్త దిగుమతే.

కంపెనీ పాతది ఉంచుకుని కొత్తది పంపినా చిక్కే. నంబర్ మారింది కాబట్టి అది పంపిన వస్తువు కాదు. లోతూ సమయమూ చూపే డైవ్ కంప్యూటర్ల విషయంలో ఇలా జరగడం మామూలే. ఆ కంప్యూటర్‌లో లిథియం బ్యాటరీ ఉంటే కొరియర్ వాళ్ళు ఇంకో ఫారం అడుగుతారు. తీయగలిగే బ్యాటరీ అయితే తీసేసి పంపడం మేలు.

ఇవన్నీ దాటి వస్తువు తిరిగొచ్చేసరికి మన తీరంలో నీళ్ళు తేటగా ఉండే కాలం కాస్తా అయిపోవచ్చు.

[తెర మీద: ఫస్ట్ స్టేజ్ ఇన్‌లెట్ దగ్గరగా, ఫిల్టర్ కనిపించేలా]

వారంటీ కింద రానివాటిలో మొదటిది ఇదిగో, ఈ చిన్న ఫిల్టర్ చెప్పేది. సిలిండర్ నుంచి గాలి ఫస్ట్ స్టేజ్‌లోకి, అంటే సిలిండర్‌కి బిగించే రెగ్యులేటర్ భాగంలోకి, వచ్చే చోట ఉంటుంది. కొత్తప్పుడు శుభ్రంగా లోహం రంగులో మెరుస్తుంది. పచ్చగా మారిందంటే ఉప్పునీళ్ళు లోపలికి పోయి ఇత్తడిని తిన్నాయని అర్థం. ఎర్రటి పొడి స్టీల్ సిలిండర్ లోపలి తుప్పు, తెల్లటి పొడి అల్యూమినియం సిలిండర్ లోపలిది. టెక్నీషియన్ ముందు చూసేది దీన్నే. పచ్చగా ఉంటే "వాడకంలో పొరపాటు" అని రాసేస్తాడు, వారంటీ అక్కడితో సరి.

నీళ్ళు ఎలా పోతాయి? గాలి వచ్చే ఆ చోటికి వేసే మూత, డస్ట్ క్యాప్, బిగించకుండా కడగడం వల్ల. లేదా బకెట్‌లో ముంచినప్పుడు నోట్లో పెట్టుకునే భాగమైన సెకండ్ స్టేజ్ మీద ఉండే, గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కడం వల్ల. ఒత్తిడి లేనప్పుడు ఆ బటన్ నొక్కితే వాల్వ్ తెరుచుకుని నీళ్ళు గొట్టం వెంట ఫస్ట్ స్టేజ్ దాకా వెళ్తాయి. క్యాప్‌ని ముందు తుడవాలి, ఆరబెట్టాలి, తర్వాతే బిగించాలి.

గాలి కారకుండా ఆపే ఓ-రింగులు, గొట్టాలు, బ్యాటరీలు అరిగే సామాను లెక్క, అవి మామూలుగా వారంటీలో ఉండవు. సర్వీసు రికార్డు లేకపోతే జీవితకాల వారంటీ కూడా ఆగిపోవచ్చు. చాలా కంపెనీలు ఏటా ఒక తనిఖీ, రెండేళ్ళకో 100 డైవ్‌లకో, ఏది ముందొస్తే అప్పుడు, పూర్తి సర్వీసు అడుగుతాయి. అది కూడా ఆ బ్రాండ్ శిక్షణ ఉన్న టెక్నీషియన్ చేసి, సంతకం పెట్టాలి. తెలిసిన మెకానిక్ విప్పితే ఆ క్షణమే వారంటీ పోయినట్టు. కాబట్టి విశాఖలోనో, చెన్నైలోనో, గోవాలోనో ఆ బ్రాండ్ సర్వీసు చేసేవాళ్ళు ఉన్నారో లేదో కొనేముందే కనుక్కోండి. బయట కొన్నదానికి వాళ్ళు ఉచితంగా చేయకపోయినా, డబ్బు తీసుకుని చేస్తారా, సర్వీసు కిట్లు దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే ఆ బ్రాండ్‌ని వదిలేయండి, ఎంత చవకైనా సరే.

[తెర మీద: యోక్, డిన్, ఎం26 కనెక్షన్లు పక్కపక్కన]

లోపం కాకపోయినా ఇంటికొచ్చాక పనికిరాని సరుకు ఒకటుంది. యూరప్‌లో నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువగా కలిపిన గాలి) కోసం అమ్మే రెగ్యులేటర్లకి ఎం26 మర ఉంటుంది. మన దగ్గరి సిలిండర్ల యోక్ వాల్వ్‌కీ (పట్టీలా బిగించే రకం), మామూలు డిన్ వాల్వ్‌కీ (మరతో బిగించే రకం) అది బిగదు. "మీరు ఆర్డర్ చేసిందే పంపాం" అంటారు డీలర్లు, వాళ్ళ మాటా నిజమే. సిలిండర్ మాత్రం బయటి నుంచి అసలు తెప్పించకండి. గాలి సిలిండర్ల దిగుమతికి పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో అనుమతి కావాలి.

మాస్క్, ఫిన్స్, వెట్‌సూట్ ఎక్కడైనా కొనుక్కోండి. వాటికి వారంటీతో పెద్దగా పనిపడదు, సైజు సరిపోతే చాలు. బీసీడీ (నీళ్ళలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్) మధ్యస్తం: కుట్లూ, గాలి నింపే ఇన్‌ఫ్లేటరూ తప్ప గొడవ తక్కువ. రెగ్యులేటర్, కంప్యూటర్ మాత్రం ఇక్కడి ధరకీ అక్కడి ధరకీ తేడా ఒకసారి రానూపోనూ పార్సిల్ ఖర్చూ సుంకమూ దాటితేనే బయట కొనండి.

ఇండియా డీలర్ దగ్గర కొంటే ఇంకో వెసులుబాటు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. హెల్ప్‌లైన్ 1915. విదేశీ దుకాణం మీద గెలిచినా డబ్బు రాబట్టడం కష్టం. అక్కడ క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, తప్పు సరుకు వచ్చినప్పుడు బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని, అడగడమే దగ్గరి దారి. దానికీ గడువుంటుంది.

[తెర మీద: ఇన్‌ఫ్లేటర్ గొట్టానికి బిగించిన ప్రెషర్ గేజ్, ముల్లు కదలిక]

పార్సిల్ వచ్చాక వీడియో తీస్తూ విప్పండి. బిల్లు మీది నంబర్, ఫస్ట్ స్టేజ్ మీద చెక్కిన నంబర్ కలవాలి. క్యాప్ బిగించే ఉంచి సెకండ్ స్టేజ్ నోట్లో పెట్టుకుని మెల్లగా పీల్చండి. గాలి రాకూడదు, వస్తే ఎక్కడో లీకుంది. తర్వాత డైవ్ సెంటర్‌లో సిలిండర్‌కి తగిలించి, ఇన్‌ఫ్లేటర్ గొట్టానికి గేజ్ పెట్టించండి. చాలా మోడళ్ళలో ముల్లు 9 నుంచి 10 బార్ మధ్య ఆగుతుంది, మీ మోడల్ లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. ఆగిన చోటే నిలబడాలి. నిమిషాలు గడిచేకొద్దీ పైకి పాకుతుంటే లోపలి సీటు (గాలిని ఆపే వాల్వ్ భాగం) సరిగా మూసుకోవడం లేదు. ఆ పాకడాన్ని గడియారంతో సహా వీడియో తీసి, ఏదీ విప్పకుండా, అదే రోజు డీలర్‌కి పంపండి.