పూలదండ తీసి కుళ్లాయి తొడిగే రాత్రి

సభకు నమస్కారం.

పోలండ్ పెళ్లి అనగానే రెండు రోజుల విందు, వోడ్కా, తెల్లవార్లూ సాగే నాట్యం గుర్తుకొస్తాయి. అవన్నీ ఉన్న మాట నిజమే. అయితే ఆ దేశపు పల్లెల్లో ఒక అమ్మాయి ఇల్లాలయ్యే ఘడియ చర్చిలో ఉంగరాలు మార్చుకున్నప్పుడు కాక, అర్ధరాత్రి ఊరి ఆడవాళ్లు ఆమె జుట్టు మీద చెయ్యి వేసినప్పుడే వచ్చేదని నా అభిప్రాయం. ఆ తంతు పేరు ఒచెపినీ. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

పెళ్లికాని అమ్మాయి గుర్తు జడ, తల మీద ఆకులతో, పువ్వులతో కట్టిన దండ. ఆ దండను వ్యానెక్ అంటారు. అందులో తరచుగా వాడే ఆకు మన పెరళ్లలో పసిపిల్లల కోసం పెంచుకునే సదాపాకే. పెళ్లి కాకుండా మిగిలిపోయిన స్త్రీని గురించి పోలిష్ భాషలో నేటికీ ‘సదాపాకు విత్తుకుంటోంది’ అనే నానుడి ఉంది.

పెళ్లిరోజు ఉదయం వధువు ఇంట్లో వధూవరులు మోకరిల్లి తల్లిదండ్రుల దీవెనలు అందుకుంటారు. చర్చి నుంచి విందుకు చేరగానే గుమ్మంలో రొట్టె, ఉప్పు చేతబట్టుకుని పెద్దలు ఎదురొస్తారు. తూర్పు ప్రాంతాల్లో పిండితో చేసిన పక్షులతో, పువ్వులతో అలంకరించిన కొరోవాయ్ అనే పెద్ద రొట్టె కూడా ఉంటుంది. విందు మధ్యలో అతిథులు ‘గోష్కో, గోష్కో’ అని కేకలు పెడతారు. చేదుగా ఉందని ఆ మాటకు అర్థం. దంపతులు ముద్దు పెట్టుకుంటే తప్ప ఆ చేదు పోదు.

అర్ధరాత్రి దగ్గరపడేసరికి సందడి తీరు మారిపోయేది. పిండి కలిపే చెక్క తొట్టిని గది మధ్యలో బోర్లించి, దాని మీద వధువును కూర్చోబెట్టేవారు. రేపటి నుంచి ఆమె ఏ ఇంటి రొట్టెకు పిండి పిసుకుతుందో, ఆ ఇంటి బరువు ఆ ఆసనంలోనే ఉందనిపిస్తుంది. పెళ్లైన స్త్రీలు చుట్టూ నిలబడితే, వారిలో పెద్దదిక్కైన స్తారోష్చీనా దండ విప్పి, జడ పాయలు విడదీసి, కొన్ని చోట్ల జుట్టు కత్తిరించి, చెపియెత్స్ అనే కుళ్లాయి తొడిగేది. వధువు దాన్ని విసిరికొట్టాలి, మళ్లీ తొడిగితే మళ్లీ విసరాలి, చివరకు ఒప్పుకోవాలి. ఏడవడం ఆచారం. మన అప్పగింతల్లోలాగే ఆ ఏడుపులో ఎంత ఆచారమో, ఎంత నిజమో విడదీసి చెప్పలేం. అప్పుడు పాడే పాట బీరు తయారీలో వాడే హాప్స్ తీగను ఉద్దేశించినది: నువ్వు గుంజల మీదికి పాకకపోతే కన్నెపిల్లలు ఇల్లాళ్లయ్యేవారు కాదు అంటుంది ఆ పాట. ఇలాంటి పాటలను, పెళ్లి తంతులను ప్రాంతాలవారీగా సేకరించి కాపాడినవాడు ఒస్కార్ కొల్బెర్గ్ (1814–1890). ఆయన శ్రమ లేకుంటే ఈరోజు నేను చెప్పేందుకు ఇంత మిగిలేది కాదు.

ఈ ఆచారాన్ని మెచ్చుకోవడంతో సరిపెట్టుకోలేను. పెళ్లికి ముందే గర్భవతి అయిన అమ్మాయికి ఆ దండ ధరించే హక్కు ఉండేది కాదు. నిండు పందిట్లో దండ లేని ఆమె తల అందరికీ కనిపించేది. వరుడి తల మీద మాత్రం అతని గతాన్ని చెప్పే గుర్తేదీ లేదు.

పేరులోనూ ఇదే కథ. 1900 నవంబర్ 20న క్రాకోవ్ నగరంలో లుత్స్యాన్ రిదెల్ అనే కవి, బ్రొనొవిత్సె పల్లెకు చెందిన రైతుబిడ్డ యాద్విగా మికొవాయ్‌చికూవ్నాను పెళ్లాడాడు. ఆ పల్లెలో జరిగిన పెళ్లివిందుకు హాజరైన స్తనీస్వావ్ విస్ప్యాన్‌స్కి రాసిన ‘వెసేలె’ (పెళ్లి) నాటకం 1901 మార్చిలో రంగస్థలమెక్కి, ఆ పల్లె పెళ్లిని జాతి మొత్తానికి చిరస్మరణీయం చేసింది. నన్ను ఆకట్టుకునేది ఆమె పేరు చివరి ‘ఊవ్నా’. ఆ ప్రత్యయం మికొవాయ్‌చిక్ కూతురని చెబుతుంది. పెళ్లయ్యాక అది ‘ఒవా’గా మారి ఫలానా వారి భార్య అని చెప్పేది. జడ, ఇంటిపేరు రెండూ ఒక్క రాత్రిలో చేతులు మారేవి.

చట్టం కూడా ఎన్నో మలుపులు తిరిగింది. 1946 నుంచి దేశమంతటా పౌర నమోదు పెళ్లి మాత్రమే చెల్లింది. అందువల్ల విశ్వాసులు ముందు ప్రభుత్వ కార్యాలయానికి, తరువాత చర్చికి, రెండు పెళ్లిళ్లకు సిద్ధపడవలసి వచ్చేది. వాటికన్‌తో ఒప్పందం 1998లో అమల్లోకి వచ్చాక చర్చి పెళ్లినే నమోదు చేయించుకునే వీలు కలిగింది. వధువు తన ఇంటిపేరు ఉంచుకోవచ్చు, భర్తది తీసుకోవచ్చు, రెండూ కలుపుకోవచ్చు. ‘ఊవ్నా’, ‘ఒవా’ నిత్యవ్యవహారంలో దాదాపు కనుమరుగయ్యాయి. పెళ్లైన స్త్రీ ఎవరో, కానిదెవరో పేరు చెప్పదు, జుట్టూ చెప్పదు.

అయినా ఒచెపినీ పోలేదు. నగరాల హోటళ్లలో సైతం అర్ధరాత్రి వాద్యబృందం ఆగుతుంది. కుర్చీలో కూర్చున్న వధువు చుట్టూ స్నేహితురాళ్లు తిరుగుతుంటే, ఆమె తన మేలిముసుగును వెనక్కి విసురుతుంది. అది అందుకున్న అమ్మాయికి తరువాతి పెళ్లి అంటారు. ఆపైన ఆటలు, నవ్వులు. ఏడుపు లేదు, తొట్టి లేదు, కుళ్లాయి లేదు. కానీ కొన్ని పెళ్లిళ్లలో ఆ ముసుగుకు గుచ్చిన పిన్నులను ఒక్కొక్కటిగా తీసే పని ఇప్పటికీ వధువు తల్లిదే.